వృద్ధాశ్రమ పరీక్ష



శ్రావణమాసమున శనివారములందు గండిక్షేత్రమునకు వచ్చు జనసమ్మర్దము మీరెరిగినదే. పాపఘ్నీనది కొండను చీల్చుకొని వచ్చు ఆ యిరుకు త్రోవలో, వీరాంజనేయస్వామి గుడి చెంత, మా యీడువారము పదిమందిమి కూర్చుండి మాటలాడుకొనుట వాడుక. ఆ రెండు కొండల నడుమ వాయుదేవుడు శ్రీరామునికై కట్టిన బంగారు తోరణము కలదనియు, అవసానము సమీపించిన పుణ్యాత్ములకే అది కానవచ్చుననియు పెద్దలు చెప్పుదురు. 1827లో కాలము చేసిన మన్రో దొరకు అది కనబడెనని యొక కథ. మాలో నెవ్వరికిని ఇంకను కనబడలేదు. కావున మా ముచ్చటలన్నియు బ్రదుకును గూర్చినవే.

మునుపు ఆ ముచ్చటలు వానలను గూర్చియు, చీనీకాయల ధరను గూర్చియు, పిల్లల పెండ్లిండ్లను గూర్చియు ఉండెడివి. కొన్నియేండ్లుగా మరియొక ప్రశ్న తరచుగా వినబడుచున్నది. "ఫలాని యూరిలో ముసలివారిని పెట్టుకొని చూచెడి ఆశ్రమమున్నదట. అది మంచిదేనా? మనవారిని అక్కడ విడువవచ్చునా?" అని. ఇది వింత కాదు. మన సీమలో ఏ వీథిలో చూచినను కొడుకు కువైటులో నుండును, కూతురు బెంగుళూరిలో నుండును, ఇంటిలో ముసలిదంపతులు మాత్రము మిగిలియుందురు. ఆ యిద్దరిలో నొకరు మంచము పట్టిరా, రెండవవారు లేవదీయలేరు.

వృద్ధులను ఆశ్రమమునకు పంపుట ధర్మమా, అధర్మమా అను చర్చకు నేను దిగను. దానికి వేరొక దినము కావలెను. ఆ చర్చ చేయువారు సామాన్యముగా మంచము పట్టినవారు కారు. నేడు నేను చెప్పదలచినది అంతకంటె చిన్నది. ఒక ఆశ్రమము మంచిదో కాదో, అందు ప్రాణమునకు భద్రత కలదో లేదో, మనవంటి పల్లెవాండ్రము ఎట్లు కనుగొనవలెను అనునదియే.

ఈ విషయమున నాకు తోచిన తొలి పాఠము మహాభారతములోని ఆశ్రమవాసపర్వమునందే కలదు. యుద్ధానంతరము ధృతరాష్ట్రుడు పదునైదేండ్లు ధర్మరాజు నీడలో బ్రదికెను. ధర్మరాజు ఆయనకు లోపమేమియు రానీయలేదు. మేలైన పాన్పులు, వస్త్రములు, వంటవారు, పరిచారకులు, అన్నియు పూర్వమువలెనే. పెద్దతండ్రి మనస్సు నొప్పించినవాడు నాకు శత్రువని తమ్ములకు ఆజ్ఞ కూడ పెట్టెను. ఎవరైనను వచ్చి ఆ యింటిని పరీక్షించియుండిన యెడల నూటికి నూరు మార్కులు వేసియుందురు. ఐనను భీముడు ఆ గ్రుడ్డిరాజునకు వినబడునట్లు భుజము లప్పళించి, నీ కొడుకులను చంపిన చేతులివియేయని పలుకుచుండెను. ఆ ముసలివాడు ఎవరితోను చెప్పుకొనలేదు. లోలోపల కుములుచు ఆహారము తగ్గించి, నేలమీద దర్భలపై పండుకొనుచుండెను. అడవికి పోవుటకు సెలవడిగిన నాడుగాని ధర్మరాజునకు ఈ సంగతి తెలియలేదు. తెలిసి ఎంతయో దుఃఖించెను.

అయ్యా, చూచితిరా! ధర్మరాజంతటివాడు, సొంత యింటిలో, పదునైదేండ్లు తెలిసికొనలేకపోయెను. ఆయన పాన్పును చూచెను, వంటను చూచెను. తాను లేనప్పుడు ఎవరేమి పలుకుచున్నారో ఆయనకు తెలియలేదు. మనము ఒక పూట పోయి, కాఫీ త్రాగి, నేల నున్నగా నున్నదని చూచి, "చాల బాగున్నదండీ" యని చెప్పి వచ్చుట ఎంతటి పరీక్షయగును?

పోయిన సంవత్సరము మా పెద్దమ్మ కొమారుడొకడు నాకీ పని పెట్టెను. ఆయన భార్య స్నానాలగదిలో కాలుజారి పడి తొడయెముక విరిగెను. శస్త్రము చేసి కడ్డీ వేసిరి గాని ఆమె మరల నడువలేదు. కొడుకులిద్దరును దూరదేశములందున్నారు, రొక్కము పంపుదురు, రాజాలరు. అన్న నన్ను పిలిచి, "అబ్బీ, నువ్వు సదువుకున్నోడివి. నాలుగు తావులు సూసి రా. గోడలు ఎట్లుండాయో నాకు సెప్పొద్దు. మీ వదిన ఆడ రాత్రిపూట దప్పికైతే నీళ్లు ఇచ్చేవాళ్లుండారా లేదా, అది సూసి రా" అనెను. నలుబదియేండ్లు బడిపంతులుగా నుండి ఎన్నియో ప్రశ్నపత్రములు వ్రాసితిని. ఇంత సూటియైన ప్రశ్న నేనెన్నడును వ్రాయలేదు.

మూడు ఆశ్రమములు చూచితిని. వాని పేర్లు చెప్పను. మొదటిది చూచుటకు మిక్కిలి రమ్యముగా నుండెను. ముంగిట పూలతొట్లు, చావడిలో చలువరాళ్లు, గోడనిండ దాతల పటములు. కార్యదర్శిగారు మర్యాదస్థులు. పదిమంది వృద్ధులు ఉతికిన బట్టలు కట్టుకొని టెలివిజను ముందర కూర్చుండియుండిరి. నేను చిట్టచివరి గదిలో, లేవలేనివారి మంచములు చూడగోరితిని. "అక్కడ వాసనగా నుండును, మీ రేల?" యనిరి. ఆ మాటతోనే నాకు సగము తెలిసెను. పట్టుబట్టి పోయితిని. ఒక ముసలమ్మ గోడవైపు తిరిగి పడుకొనియుండెను. మంచినీళ్ల లోటా కిటికీగూటిలో నున్నది. ఆమె చేయి చాచినను అందదు. చేతిగోళ్లు పెరిగి వంకరలు పోయినవి. ఆమెకై వచ్చి చూచువా రెవరని అడిగితిని. ఎవరును లేరనిరి.

మహాశయులారా, పరీక్ష చేయవలసిన తావు అదియే. వచ్చి అడుగువారు గలవారిని ఎవరైనను బాగుగనే చూతురు. మీ అమ్మను చేర్చిన మొదటి నెలలో మీ అమ్మను బాగుగనే చూతురు. అడిగెడి దిక్కులేనివారిని, నోరు విప్పి చెప్పలేనివారిని ఎట్లు చూచుచున్నారో అదియే ఆ యింటి నిజమైన నడవడి. మీవారికి మతి తప్పిన నాడు, మీరు రావడము తగ్గిన నాడు, మీవారికి దక్కునది ఆ చివరి మంచముయొక్క మర్యాదయే. కావున ఏ ఆశ్రమమునకు పోయినను ఆ మంచమును చూపుమని యడుగుడు. లోటా అందుచున్నదా, గోళ్లు తీసిరా, దుప్పటి తడిసియున్నదా చూడుడు. కదలలేనివారిని రెండుగంటల కొకసారి ప్రక్క మార్చి పండబెట్టవలెను. లేనిచో నడుముక్రింద, మడమలయందు చర్మము చివికి పుండ్లు పడును. ఆ పుండ్లున్నచో ఆ యింటిలో మనుష్యులు చాలరనియైనను, ఉన్నవారికి పని తెలియదనియైనను అర్థము.

రెండవ ఆశ్రమము పాతయిల్లు. సున్నము పెల్లలూడుచుండెను. నేను చెప్పక చేయక సంధ్యవేళ పోయితిని. తలుపు తీసిన ఆయా నన్ను లోపలికి రమ్మని చెప్పి, తాను చేయుచున్న పనికి మరల పోయెను. ఒక ముసలాయనకు రాగిసంకటి మెత్తగా పిసికి, పలుచని పప్పుతో కలిపి తినిపించుచుండెను. "నాయనా, ఇంగొక్క ముద్ద" అని ఆమె యనుట, వద్దని ఆయన తల ఊపుట, ఆమె గిన్నె ప్రక్కన పెట్టి కొంతసేపాగి మరల అడుగుట, ఇదంతయు నేను నిలువబడి చూచితిని. చరకసంహితలో పరిచారకునకు నాలుగు గుణములు చెప్పబడినవి: ఉపచారము తెలిసియుండుట, నేర్పు, రోగియందు అనురాగము, శుచిత్వము. ఆ యాయా చరకుని పేరు వినియుండదు. ఆమె ఎన్నాళ్లుగా ఇక్కడ పని చేయుచున్నదని యడుగగా ఆరేండ్లనెను. ఇది మీరు తప్పక అడుగవలసిన ప్రశ్న. ఆయాలు మూడునెలల కొకరుగా మారుచున్నచోట జీతము సరిగా ముట్టుట లేదని యూహింపవచ్చును. జీతము ముట్టనివారు ముసలివారి మలమూత్రములెత్తుచు ప్రేమగా మాటలాడవలెనని కోరుట మనకే న్యాయము కాదు.

మూడవ ఆశ్రమమున ఒక వింత మాట వింటిని. "మా యింట రాత్రి యెనిమిదింటికెల్ల అందరును నిద్రింతురు, చీమ చిటుక్కుమనదు" అని గర్వముగా చెప్పిరి. అరువది మించినవారము మనకు తెలియదా నిద్ర సంగతి! నలుబదిమంది ముసలివారు ఒక్కమారుగా ఎనిమిదింటికే నిద్రింతురా? ఏ మాత్రలిచ్చుచున్నారో, ఏ వైద్యుడు వ్రాసెనో చూపుమంటిని. చీటీలు దొరకలేదు. ప్రతివారి మాత్రలు వారి పేరుగల డబ్బీలో వేరుగా నుండవలెను. ఏ పూట ఏమి ఇచ్చిరో వ్రాసిపెట్టు పుస్తకముండవలెను. ఆ పుస్తకమును తిరుగవేసి చూడుడు. నెల మొత్తము ఒక్క కలముతో, ఒక్క దస్తూరితో, ఒక్కపూట వ్రాసినట్లున్నచో బడిపంతులకు కాదు, ఎవరికైనను తెలిసిపోవును.

ఆ మూడవయింట రాత్రివేళ కావలి యొక్కడే. బయటి తలుపునకు తాళము. తాళపుచెవి అతని జేబులో. ఇచ్చట మరల భారతము జ్ఞప్తికి వచ్చుచున్నది. అడవికి పోయిన ధృతరాష్ట్రుడును, గాంధారియు, కుంతియు ఎట్లు మరణించిరి? దావాగ్నిలో. ఆ యగ్ని ఎక్కడిది? ఆయన హోమాగ్నినే యాజకులు నిర్జనారణ్యమున విడిచిపోగా అది పెరిగి అడవిని చుట్టుకొన్నదని నారదుడు చెప్పెను. ఉపవాసములతో కృశించినవారు పరుగెత్తలేకపోయిరి. సంజయుడు తప్పించుకొనెను, అతడు నడువగలవాడు.

పురాణకథయని కొట్టివేయవలదు. తమిళనాట రామనాథపురము జిల్లాలో ఏర్వాడి అను ఊరు కలదు. అచ్చటి దర్గాకు మతి చలించినవారిని తీసికొనివచ్చి, చుట్టుప్రక్కల ప్రైవేటు శాలలలో విడిచిపోవుట అలవాటుగా నుండెను. 2001 ఆగస్టు 6వ తేదీ తెల్లవారుజామున ఒక తాటాకుల శాల అంటుకొన్నది. లోపలివారు గొలుసులతో కట్టబడియుండిరి. 28 మంది మరణించిరి. వారిని విడిచిపోయిన బంధువులు నెలనెల సొమ్ము చెల్లించినవారే. ఆ గొలుసులను వారు చూడకపోలేదు. అది చికిత్సలో భాగమని నమ్మిరి. మతి చలించినవారిని ఏ విధముగను గొలుసులతో కట్టరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము స్పష్టముగా నిషేధించినది. ఐనను తాళపుచెవి జేబులో నున్న తలుపు కూడ గొలుసువంటిదే గదా! వంటగ్యాసు ఎక్కడ పెట్టిరి, విద్యుత్తు తీగలు వ్రేలాడుచున్నవా, నడువలేనివారిని మేడమీద ఉంచిరా, రెండవ ద్వారము కలదా, దాని ముందర బియ్యపుబస్తాలు పేర్చిరా, ఇవి చూచుటకు ఇంజనీరు అక్కరలేదు.

మంటతోపాటు ఎండను గూర్చియు ఒక మాట. 2003 ఆగస్టున ఫ్రాన్సు దేశమున వడగాడ్పులకు సుమారు 15,000 మంది మరణించిరి. వారిలో ఎక్కువమంది వృద్ధులు. అచ్చటి ఎండ మన కడప సీమ వైశాఖమునకు మించినది కాదు. ముసలిశరీరమునకు దాహము తెలియదు, నీరడుగదు, ఎవరో ఒకరు గుర్తుపెట్టుకొని ఇయ్యవలెను. కావున ఆశ్రమమును శీతకాలమున చూచి ఒప్పుకొనవలదు. రేకుల కప్పుక్రింద, కరెంటు పోయిన మధ్యాహ్నము, మేనెలలో చూడుడు.

ఇక చట్టము సంగతి. 2007లో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమ చట్టము వచ్చినది. దిక్కులేని వృద్ధులకై ప్రభుత్వము జిల్లాకు ఒకటి చొప్పునైనను 150 మందికి చాలునట్టి ఆశ్రమములను స్థాపింపవచ్చునని అందు కలదు. "స్థాపింపవచ్చును" అనినారు గాని "స్థాపింపవలెను" అనలేదు. వ్యాకరణము చదివినవానికి ఆ రెంటికి గల దూరము తెలియును. ఆశ్రమములు ఎట్లుండవలెనో కేంద్రప్రభుత్వము రాష్ట్రములకు పంపిన నమూనా నియమములలో పడకగదియందు మనిషికి 7.5 చదరపు మీటర్ల తావుండవలెనని యున్నది. మన లెక్కలో ఎనుబది చదరపుటడుగులు. మంచము, దాని ప్రక్క నొకపెట్టె, చక్రాలకుర్చీ తిరుగుటకు చోటు, అంతియే. అడుగులతో కొలిచి చూచుకొనవచ్చును. ప్రభుత్వమువద్ద ఆశ్రమము నమోదైనదా, ఆ పత్రమేదీ అని అడుగుటకు సంకోచింపవలదు. మంచివారు తామే తెచ్చి చూపుదురు.

ఆస్తి విషయమున జాగ్రత్త. కొన్నిచోట్ల ఇల్లో పొలమో వ్రాసి యిచ్చినచో జన్మాంతము చూచెదమందురు. పై చట్టములోని 23వ విభాగము ప్రకారము, పోషించెదరను షరతుతో వృద్ధులు ఆస్తి నిచ్చి, తీసికొన్నవారు ఆ మాట తప్పినచో, ఆ దస్తావేజును రద్దు చేయించుకొనవచ్చును. ఇది కొడుకుల విషయముననే గాక ఆస్తి పుచ్చుకొన్న ఎవరి విషయముననైనను వర్తించును. కాని షరతు కాగితముమీద నుండుట మేలు. నోటిమాటను న్యాయస్థానమున నిలబెట్టుట కష్టము. పిల్లలు పోషింపనిచో రెవెన్యూ డివిజనల్ అధికారి యెదుట అర్జీ పెట్టుకొనవచ్చును. నోటీసు చేరిన 90 దినములలో తీర్పు చెప్పవలెను. విశేషకారణమున్నచో మరి 30 దినములు. నెలకు 10,000 రూపాయలవరకు ఇప్పింపవచ్చును. అర్జీ ఎట్లు వ్రాయవలెనో తెలియనివారు 14567 అను సంఖ్యకు టెలిఫోను చేసినచో చెప్పుదురు. అది వృద్ధులకై ప్రభుత్వమువారు పెట్టినది, రుసుము లేదు.

అధికారులు వచ్చి తనిఖీ చేయవలెను గదా, మనకేల యీ శ్రమయని కొందరనవచ్చును. చేయవలెను, సందేహము లేదు. ఇంగ్లాండున 2009 నుండి కేర్ క్వాలిటీ కమిషనను సంస్థ యీ పనియే చేయుచున్నది. భద్రమైనదా, ఫలము కనబడుచున్నదా, దయతో చూచుచున్నారా, ఎవరి యవసరమును బట్టి వారికి చేయుచున్నారా, నడుపువారు సమర్థులా అని అయిదు ప్రశ్నలు వేసి, నాలుగు తరగతులలో నొకటి నిర్ణయించి, అందరికి తెలియునట్లు ప్రకటింతురు. మనకును అట్టిది కావలెను. ఐనను అచ్చటి కథయే యొకటి వినుడు. బ్రిస్టలు పట్టణము చేరువ వింటర్‌బోర్న్ వ్యూ అను ప్రైవేటు ఆసుపత్రి యుండెను. బుద్ధివికాసము లోపించినవారిని అందుంచి చూచుచుండిరి. లోపల రోగులను కొట్టుచున్నారని అచ్చటనే పనిచేసిన నర్సొకరు యాజమాన్యమునకును, పై సంస్థకును మొరపెట్టినను లెక్కచేసినవారు లేరు. తుదకు బీబీసీవారి విలేఖరి యొకడు పరిచారకుడుగా చేరి, రహస్యముగా చిత్రములు తీసి 2011లో లోకమునకు చూపెను. పదునొకండుమంది నేరమొప్పుకొనిరి, ఆరుగురు చెరసాలకు పోయిరి, ఆసుపత్రి మూతపడెను.

అధికారి యేడాది కొకమారు వచ్చును. మేనత్తను చూచుటకు వచ్చిన మేనల్లుడు ఎప్పుడైనను రావచ్చును. కాబట్టి నేను ఏ ఆశ్రమమునందైనను అడుగు చివరి ప్రశ్న ఇది: "మేము చెప్పక రావచ్చునా? ఏ వేళనైనను రావచ్చునా? వంటింటిలోనికి, చివరి గదిలోనికి పోనిత్తురా?" ఆదివారము నాలుగింటినుండి ఆరింటివరకే రమ్మనువారు, ముందుగా టెలిఫోను చేయుమనువారు, చావడిలోనికే మనిషిని పిలిపించి చూపువారు, వీరివద్ద నా వదినను విడువను.

మా యన్న రెండవ ఆశ్రమమును ఒప్పుకొనెను, పెల్లలూడు గోడలదానిని. దానిలోను లోపములు లేకపోలేదు. మరుగుదొడ్డిలో పట్టుకొనుటకు కడ్డీ లేదు. మా డబ్బుతో వేయించితిమి, అన్ని గదులకును. రాత్రి తలుపునకు తాళము వేయుట అక్కడను కలదు. మతి తప్పినవారు వీథిలోనికి పోవుదురని వారి భయము; అదియు నిజమే. మాటలాడగా తాళపుచెవిని తలుపుప్రక్కనే, నిలుచున్నవానికి అందునంత ఎత్తున, మేకునకు తగిలించుట కొప్పుకొనిరి. మా యూరివారము అయిదుగురము వంతులు వేసికొన్నాము. పక్షమున కొకరు, ఎవరు ఎప్పుడు పోవుదురో వారికి చెప్పము. పోయినవారు వదినతో మాటలాడి, తరువాత ఆమె ప్రక్క మంచముమీది దిక్కులేని ముసలమ్మతోను కొంతసేపు మాటలాడి రావలెనని కట్టడి. ఆమెకు ఏమి తీసికొనిపోవలెనని మొదటివాడు అడిగెను. గోళ్లు తీయు కత్తెర తీసికొనిపొమ్మంటిని. అక్కరపడలేదని తిరిగి తెచ్చెను.